దిగలేని సవారీ

నేను ఒక కొండ సైకిలును. పాలవాళ్ళూ పేపరువాళ్ళూ తొక్కే సైకిలుకూ నాకూ చుట్టరికం ఉందంటే ఉంది, లేదంటే లేదు. వాళ్ళ సైకిలు గుంటలో పడితే ఆ దెబ్బ నేరుగా ఎక్కినవాడి నడుముకు తగులుతుంది. నాకు ముందు చక్రం దగ్గర ఒకటి, సీటు కింద ఒకటి, రెండు చోట్ల కుదుపును మింగే ఏర్పాటు ఉంది. రాయి వచ్చినా, చెట్టువేరు అడ్డం పడినా చక్రాలు ఎగిరిపడతాయి గాని పైనున్న మనిషికి పెద్దగా తెలియదు. ఎలాంటి దెబ్బనైనా మనిషిదాకా పోనివ్వనని ఒకప్పుడు నాకు గర్వంగా ఉండేది. 

నేను పుట్టింది తైవానులో. నా అతుకులు వేసిన మనిషి ముఖం నేను చూడలేదు. నల్ల అద్దం ఉన్న ముసుగు వేసుకుని, నిప్పురవ్వల మధ్య కూర్చుని, ఒక అతుకు పూర్తికాగానే ముసుగు పైకెత్తకుండా చెయ్యి చాచి ఇంకో గొట్టం అందుకునేది. చిన్న చెయ్యి, ఆడమనిషి చెయ్యి. నారింజ రంగు పూసి, పెట్టెలో పెట్టి నన్ను హాలెండు పంపించారు. ఆ దేశంలో కొండ అన్నది లేదు. కనుచూపు మేర ఇస్త్రీ చేసిన దుప్పటిలా ఉంటుంది. అయినా ఒక పొడుగాటి మనిషి నన్ను కొన్నాడు. వాళ్ళ ఇంట్లో గోడ మీద మంచుకొండల బొమ్మ ఉండేది. నా మీద ఎక్కి ఆయన రోజూ వీధి చివర కొట్టుకు వెళ్ళి రొట్టె తెచ్చుకునేవాడు. మనుషులు తామున్న చోటుకు సరిపడే వస్తువు కొనుక్కోరు, తాము వెళ్ళని చోటుకు సరిపడేది కొనుక్కుంటారు. కొన్నాళ్ళకు ఆయనకూ ఆ సంగతి తెలిసినట్టుంది, నన్ను ఓడరేవు దగ్గర పాత సైకిళ్ళ కొట్టులో అప్పజెప్పి పోయాడు.

అక్కడికి వచ్చాడు బొడ్డేపల్లి జోగారావు. సరుకుల ఓడలో ఇంజనీరు. ఓడ రేవులో ఆగితే మిగిలినవాళ్ళు అత్తర్లూ చాక్లెట్లూ కొనుక్కోవడానికి పోతారు. ఈయన నా సీటు మీద రెండు చేతులూ పెట్టి, ఒంటి బరువంతా వేసి నొక్కి, వదిలి, చెవి దగ్గరపెట్టి విన్నాడు. మళ్ళీ నొక్కాడు, మళ్ళీ విన్నాడు. అంత జాగ్రత్తగా నన్ను అంతవరకు ఎవరూ వినలేదు. ఆ సాయంత్రానికి నేను ఓడలో ఇంజను గది పక్కన తాళ్ళతో కట్టేసి ఉన్నాను.

విశాఖపట్నంలో, పెద వాల్తేరులో ఆయన ఇల్లు. వీధివైపు గదిలో ఆయన భార్య వరహాలు బట్టలు కుట్టే కొట్టు నడిపేది. నన్ను చూసి ఆవిడ మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టింది.

"అందరి మొగుళ్ళూ సముద్రం మీంచి బంగారం తెత్తారు. మా ఆయన సైకిలు తెచ్చేరు. ఊళ్ళో సైకిళ్ళు కరువొచ్చీసినట్టు."

"ఇది సైకిలు కాదే. ఎక్కి చూడు, పూలపానుపు."

"పానుపు మీద పడుకుంటారు గాని, కొండెక్కుతారేటండీ ఎవరైనా?"

ఆయన ఎక్కాడు. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడల్లా కైలాసగిరి వెనక మట్టిదారులూ, కంబాలకొండ గుట్టలూ ఆయనకూ నాకూ అలవాటయ్యాయి. తోడు సైమన్ వచ్చేవాడు. రేవులో క్రేను నడిపే మనిషి, జోగారావు కన్నా చిన్నవాడు, నవ్వితే వీధి చివరికి వినపడేది. జీడిమామిడి తోటల మధ్య ఎర్రమట్టి దిగుడులో ఇద్దరూ కేకలు పెట్టుకుంటూ దిగేవాళ్ళు. కింద ఆగినప్పుడు ముఖాలు మట్టికొట్టుకుపోయి, పళ్ళు మాత్రం తెల్లగా ఉండేవి. ఒకసారి ఆయన పడి జబ్బ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ రోజు నుంచి వరహాలు నా వైపు చూడటం మానేసింది. నేనున్న మూల ఊడ్చేటప్పుడు కూడా మొహం తిప్పుకునే ఊడ్చేది.

తరవాత ఆయనకు ఉద్యోగంలో పై మెట్టు వచ్చింది. ఓడ మీద ఎక్కువ, ఇంట్లో తక్కువ. నన్ను పెరట్లో రేకుల కప్పు కింద పెట్టారు. సముద్రం పక్కన ఇల్లు కొనుక్కుని గాలి బాగుంటుందని మురిసిపోతారు గాని, ఆ గాలి ఏం తింటుందో ఇనుమును అడగాలి. నా బోల్టులు ఎర్రబడ్డాయి. చైను ఒక్క కడ్డీలా బిగుసుకుపోయింది. నా ఒళ్ళు అల్యూమినియం కాబట్టి తుప్పు పట్టదు, తెల్లగా పొడి పోస్తుంది. రబ్బరు బీటలు తీసింది. ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కులోని నూనె ఒక వేసవిలో బొట్టు బొట్టుగా కారి నేల మీద మరక అయింది. ఈలోపు బయటి లోకంలో నా చక్రాల కొలత పాతబడిపోయిందట. పెద్ద చక్రాలొచ్చాయి. మాలాంటివాళ్ళకు విడిభాగాలు చెయ్యడం కూడా మానేశారట. సైమన్ ఎప్పుడో వచ్చి నా సీటు మీద దుమ్ము తుడుస్తూ ఈ మాట అన్నాడు, అని నిట్టూర్చి వెళ్ళిపోయాడు.

చివరిసారి ఓడ దిగి వచ్చినప్పుడు జోగారావు కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు. వరహాలు టీ ఇచ్చింది. ఆయన ఎడమ చేత్తో అందుకున్నాడు. ఆవిడ కొలతలు తీసే మనిషి, మనిషి భుజం ఒక వేలు మందం వంగినా కంటితో చెప్పగలదు. రెండోరోజు ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకోలేక గదిలో కూర్చుండిపోతే, వెళ్ళి తనే పెట్టి వచ్చింది.

డాక్టరు దాని పేరు పార్కిన్సన్స్ అన్నాడు. ఆ పేరు ఇంట్లో ఎవరూ పలికేవాళ్ళు కాదు. వణుకు అనేవాళ్ళు. ఓడ ఉద్యోగం అక్కడితో అయిపోయింది. వణుకుతో పోతే బాగానే ఉండును. మెల్లగా నడక కూడా మారింది. బాగానే నడుస్తూ నడుస్తూ గడప దగ్గరికి వచ్చేసరికి ఆయన కాళ్ళు నేలకు అంటుకుపోయేవి. మేకులు కొట్టినట్టు నిలబడిపోయేవాడు. మనసు లోపలి గదిలోకి వెళ్ళిపోయేది, ఒళ్ళు గడప ఇవతలే ఉండేది. వరహాలు బట్ట మీద గీతలు గీసే సుద్దతో గడప ముందు నేలంతా అడ్డగీతలు గీసింది. ఒక్కో గీతనూ దాటమనేది. గీత కనపడితే కాలు లేచేది. ఎందుకో డాక్టరుకే తెలుసు. రోజూ తడిగుడ్డ పెట్టాక మళ్ళీ గీసేది.

ఒక ఉదయం ఆయన వీధిలో పాలు తెచ్చుకోవడానికి వెళ్ళి గోడవారన ఇరుక్కుపోయాడు. వీధిలో సుద్దగీతలు ఎవరు గీస్తారు? పాలవాడు సైకిలు గోడకు ఆనించి ఏదో ఇంట్లోకి వెళ్ళాడు. పడకుండా ఉండటానికి జోగారావు ఆ సైకిలు పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు ఏమనుకున్నాడో, గోడను ఊతం చేసుకుని కాలు అటు వేశాడు, పెడలు మీద పాదం పెట్టాడు, తొక్కాడు.

వెళ్ళిపోయాడు! పాలగిన్నెలు గలగలలాడుతుండగా వీధి చివరిదాకా వెళ్ళి, మలుపు తిరిగి, మళ్ళీ వచ్చాడు. కొట్టు గుమ్మంలోంచి వరహాలు చూసింది. ఇంటి గడప దాటలేని మనిషి సైకిలు మీద గాలిలా పోతున్నాడు. ఆవిడ చేతిలోని కత్తెర అలాగే తెరుచుకుని ఉండిపోయింది. పాలవాడు లబోదిబోమంటూ వెనక పరుగెత్తాడు. ఆగడం మాత్రం ఆయనకు చేతకాలేదు. గోడకు రాసుకుంటూ, పాలు ఒలికిస్తూ వచ్చి వరహాలు చేతుల్లో పడ్డాడు. పడి నవ్వాడు. ఆ జబ్బు వచ్చాక ముఖంలో కండరాలు బిగుసుకుపోయి ఆయన నవ్వు కనపడటం మానేసింది. గొంతులోంచి వచ్చిన చప్పుడును బట్టి నవ్వని తెలుసుకోవాలి.

డాక్టరు ఆశ్చర్యపడలేదు. "నడవడానికి మెదడులో ఒక దారి ఉంటుంది, తొక్కడానికి ఇంకొకటి. మీకు ఆ రెండోది ఇంకా పాడవలేదు. కొందరికి ఇలా ఉంటుంది. ఎన్నాళ్ళు ఉంటుందని మాత్రం అడక్కండి" అన్నాడు. తరవాత వరహాలు వైపు తిరిగి, "తొక్కుతున్నంతసేపూ భయం లేదమ్మా. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడే ప్రమాదం. పక్కన మనిషి ఉండాలి" అన్నాడు.

ఇంటికి వస్తూనే వరహాలు మూడు చక్రాల సైకిలు కొందామంది. పడే భయం ఉండదు కదా అంది.

"మూడు చక్రాల బండి మీద నన్ను కూరలమ్మమంటావేటే?" అన్నాడు జోగారావు. "నా సైకిలుంది గదా."

"అదా? అది చచ్చి ఎన్నాళ్ళయింది?"

"బాగుచేస్తాను."

వరహాలు ఆయన చేతుల వైపు చూడబోయి, చూడకుండా ఆగింది. "చెయ్యండి" అంది.

అలా నన్ను రేకుల కిందనుంచి బయటికి తీశారు. వరండాలో తాడుతో దూలానికి వేలాడదీశారు. ఇంజను విప్పడం, బిగించడం తప్ప ఇంకోటి ఎరగని మనిషి ఆయన. మొదటిరోజు తనే మొదలుపెట్టాడు. చిన్న బోల్టు ఒకటి వేళ్ళ మధ్య నుంచి జారి, దొర్లి, చూరునీళ్ళ కాలువలోకి పోయింది. ఇంకోటి పోయింది. మూడోది ఆయనే విసిరికొట్టాడు. వరహాలు మిషను ఆపి, వచ్చి, పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

"మీరు చెప్పండి, నేను చేస్తాను. నా చెయ్యి మీ చెయ్యే అనుకోండి."

"నీ చెయ్యి నాదెప్పుడయ్యింది?"

"పెళ్ళిలో పట్టుకున్నారు గదేటి. మర్చిపోనారా?"

ఆ తరవాత ఆ వరండాలో జరిగినదే నా బతుకులో బాగా గుర్తున్న కాలం. సూదిలో దారం ఎక్కించే చేతులకు నా చిన్న చిన్న బేరింగులు బెదరలేదు. ఆవిడకు మొదట ఏ పేరూ తెలియదు. "ఆ గుండ్రంగా ఉన్నదా? ఆ గాజు లాంటిదా?" అని అడిగేది. ఆయన విసుక్కునేవాడు. ఆవిడ వినిపించుకునేది కాదు. వెనక చట్రం మడతపడే చోట ఉన్న బేరింగులన్నీ ఉప్పుపట్టి రాళ్ళలా అయిపోయాయి. వాటిని ఒత్తి బయటికి తీసి కొత్తవి ఎక్కించింది. సీటు గొట్టం నా ఒంట్లో అతుక్కుపోయి ఎంత లాగినా రాలేదు. నూనె పోశారు, వేణ్ణీళ్ళు పోశారు, సైమన్ వచ్చి సుత్తితో కొట్టాడు. రాలేదు. చివరికి వరహాలు రంపపు ఆకు ఒక్కటే గుడ్డ చుట్టి చేత్తో పట్టుకుని, గొట్టాన్ని లోపలి నుంచి నిలువునా కోసింది. కుట్టు విప్పేటప్పుడు బట్ట తెగకూడదు, దారమే తెగాలి. అలా కోసింది. నా ఒంటికి గీత కూడా పడలేదు. ఆ గొట్టం ముక్క ఊడి వచ్చినప్పుడు ముగ్గురూ కలిసి అరిచారు. పక్కింటివాళ్ళు పాము అనుకుని కర్ర పట్టుకుని వచ్చారు.

సీటు కింద కుదుపును మింగే షాకు దొరకడం కష్టమైంది. నా కొలతది ఇప్పుడెవరూ చెయ్యడం లేదు. సైమన్ ఫోన్ల మీద ఫోన్లు చేసి బెంగుళూరులో ఒక పాత కొట్టు పట్టాడు. అక్కడ అటక మీద పెట్టె విప్పనిది ఒకటి మిగిలిందట. అది వచ్చాక చూస్తే, బిగించే రంధ్రం సరిపోలేదు. లేతు పనివాడి దగ్గర ఇత్తడి గొట్టం ముక్కలు తిప్పించి సరిపెట్టారు. ముందు ఫోర్కు విప్పి కడిగి, నూనె కారకుండా కొత్త సీళ్ళు వేసి, నూనె పోశారు. పాత బ్రేకులు గట్టిగా పిండితే గాని పట్టేవి కావు, ఆయన వేళ్ళలో ఆ బలం లేదు. వాటిని తీసేసి, ఒక్క వేలు ఆనిస్తే చాలు చక్రం ఆగిపోయే బ్రేకులు పెట్టారు. ముందున్న మూడు పళ్ళచక్రాల్లో రెండు తీసి ఒక్కటే ఉంచారు. దాంతో ఎడమచేతికి గేర్లు మార్చే పని తప్పింది. అసలైన సంగతి సీటు. మీట నొక్కితే సీటు కిందికి దిగిపోయే గొట్టం ఒకటి ఉంటుంది. కొండ దిగేవాళ్ళు వాడతారు. జోగారావు దాన్ని దిగుడు కోసం కాదు, దిగడం కోసం పెట్టించుకున్నాడు. ఆగబోయే ముందు బొటనవేలితో మీట నొక్కితే సీటు కిందికి పోతుంది, రెండు పాదాలూ నేలకు ఆనతాయి. పడక్కర్లేదు.

"సూడు వదినా, కొత్తదాని కంటే బాగుంది గదా" అన్నాడు సైమన్.

నిజంగానే బాగున్నాను. కాని నేను బాగుపడటానికి పట్టిన ఆ కాలంలో ఆయన ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చాడు. మొదట్లో పీట మీద కూర్చుని వంగి చూపించేవాడు. తరవాత వాలుకుర్చీలోంచి చెప్పేవాడు. చివర్లో గొంతు తగ్గిపోయి, వరహాలు ప్రతి మాటకూ లేచివెళ్ళి చెవి ఆయన నోటి దగ్గర పెట్టి, మళ్ళీ వచ్చి పని చేసేది. ఆ తిరుగుడుకే సగం పొద్దు పోయేది. ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. 

బీచి రోడ్డు మీద మొదటిసారి ఎక్కించారు. తెల్లవారుజామున, ఆ రోడ్డు మీదికి వాహనాలు రానివ్వని వేళ. ఒకవైపు సైమన్, ఒకవైపు వరహాలు. ఆయన కాలు అటు వేయించి, పాదాలు పెడళ్ళ మీద పెట్టి, ఒక తోపు తోశారు. ఆయన ఒళ్ళు నా మీద పడగానే నాకు తెలిసింది, బరువు చాలా తగ్గిపోయాడు. చేతుల వణుకు హేండిలు గుండా నా ముందు చక్రందాకా వచ్చింది. నాలుగు తొక్కులు తొక్కాక ఆగిపోయింది. వణుకు ఆగిపోయింది! సముద్రం కుడివైపు, గాలి ఎదురు. సైమన్ తన సైకిలు మీద పక్కన రొప్పుతూ వస్తున్నాడు. "అన్నా, బేగి తొక్కకు, నాకు అందటం లేదు!" అని అరుస్తున్నాడు. వరహాలు వెనకెక్కడో చెప్పులు చేతపట్టుకుని పరుగెత్తుతోంది.

ఆ శీతాకాలమంతా తొక్కాడు. కైలాసగిరి కింద మట్టిదారికి కూడా ఒకసారి వెళ్ళాం, మెల్లగా, సైమన్ పక్కన ఉండగా. నా కొత్త షాకు ప్రతి రాయినీ మింగింది. ఆయనకు ఒక్క దెబ్బ తగలనివ్వలేదు. బతికి ఉన్న ఆనందం అనే మాట మనుషులు ఊరికే వాడుతుంటారు, ఆ పూట మాత్రం అది నా సీటు మీద కూర్చుంది. 

వేసవి మొదట్లో బొటనవేలు మాట వినడం తగ్గింది. మీట దగ్గరికి వెళ్తుంది, నొక్కదు. సైమన్ పక్కన ఉన్నంతకాలం అతనే నొక్కేవాడు. ఒక ఉదయం సైమన్ రేవులో పని పడి రాలేదు. వరహాలు లోపల ఎవరికో కొలతలు తీస్తోంది. జోగారావు సుద్దగీతలు దాటుకుంటూ వరండాలోకి వచ్చాడు. నన్ను గోడకు ఆనించి, అరుగు మీద నుంచి ఎక్కాడు. నాకు నోరు ఉంటే వద్దనేవాణ్ణి. ఉన్నా అనేవాణ్ణో లేదో. 

వీధులు తిరిగి తిరిగి పిల్లలు క్రికెట్ ఆడే మైదానంలోకి వెళ్ళాం. తొక్కుతున్నాడు, బాగుంది. ఇక ఇంటికి వెళ్దామనుకున్నాడు, నా హేండిలు గేటు వైపు తిరగబోయింది. గేటు ఇరుకు. ఇరుకు కనపడగానే ఆయన ఒళ్ళు బిగుసుకుపోయింది, మళ్ళీ మైదానంలోకే తిప్పాడు. ఆగుదామనుకున్నాడు. ఆగితే కాలు కింద పెట్టాలి. కాలు పెట్టాలంటే సీటు దిగాలి. బొటనవేలు మీట మీద ఉంది, వణకడం లేదు, కదలడమూ లేదు. సరే ఇంకో చుట్టు. ఇంకో చుట్టు. ఎండ ఎక్కింది. నా మీద ఆయన చెమట బొట్లు బొట్లుగా పడుతోంది. పిల్లలు ఆట ఆపి చూశారు. ఈయన ఏదో పందెం వేసి తొక్కుతున్నాడనుకున్నారు. ముఖంలో ఏమీ కనపడదు కదా, భయమో పట్టుదలో ఎవరికి తెలుస్తుంది? చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ప్రతి చుట్టుకూ "అంకుల్, ఇంకోటి!" అని అరిచారు. ఆయన నోరు తెరిచి ఏదో అన్నాడు. ఆ గొంతు నాకు తప్ప ఎవరికీ వినపడలేదు.

"పట్టుకోండ్రా" అన్నాడు.

పెద్ద పెద్ద గోతులు మింగేలా నన్ను చేశారు. ఆ పూట నేను చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. 

వరహాలు వెతుక్కుంటూ వచ్చేసరికి ఆయన పాదాలు పెడళ్ళ మీద జారుతున్నాయి. మెడలో టేపు, చేతి వేలికి ఇంకా తొడుగు ఉంది. గేటు దగ్గర ఒక్క క్షణం నిలబడి చూసింది. తరవాత అడ్డంగా పరుగెత్తుకొచ్చి, నా పక్కన పరుగెడుతూ, ఒక చేత్తో సీటు, ఒక చేత్తో ఆయన నడుము పట్టుకుంది. ఇద్దరూ నేనూ కలిసి మట్టిలో పడ్డాం. పిల్లలు చప్పట్లు ఆపేశారు. ఆవిడ మోచెయ్యి చెక్కుకుపోయింది. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, కొంగుతో మట్టి తుడుస్తూ, ఒకటే మాట అంది.

"నన్ను పిలవకపోనారా? ఏటండీ, నన్ను పిలవకపోనారా?"

తరవాత నన్ను వరండాలో గొలుసు వేసి కట్టేశారు. సైమన్ వచ్చి చక్రాలకు గాలి కొట్టేవాడు, చైనుకు నూనె వేసేవాడు, వెళ్ళేవాడు. పూర్వంలా నవ్వేవాడు కాదు. జోగారావు గొలుసు వేసినందుకు కోపగించుకోలేదు. వానలు పడుతున్న రోజుల్లో ఒక ఉదయం, గొలుసు ఉందన్న సంగతి మరిచిపోయో, మరవకుండానో, అరుగు మీద నుంచి నా మీదికి కాలు వేశాడు. నేను గొలుసుకు తగులుకుని ఒరిగాను. ఆయన అరుగు అంచు మీద పడ్డాడు. తుంటి విరిగింది.

ఆస్పత్రి నుంచి తెచ్చి కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టారు. కిటికీలోంచి నేను కనపడతాను. నిద్ర లేవగానే ఆయన అనే మొదటిమాట "సైకిలు తియ్యి." రోజూ అదే. వరహాలు రోజూ "ఎండ తగ్గనివ్వండి" అనేది. ఒకసారి మంచం మీద నుంచి కిందికి దిగబోయి మళ్ళీ పడ్డాడు. 

"నేను పట్టుకుపోతాను వదినా. ఎదురుగా లేకపోతే మర్చిపోతాడు" అన్నాడు సైమన్.

"ఒద్దు. చూస్తుంటే గేటు దాటి పోయిందనుకో, ఆయన ప్రాణం కూడా దాని వెనకే పోద్ది. నేనే విప్పీస్తాను. ముక్కలైపోతే అడగరు."

ఇప్పుడు నేను ముక్కలుగానే ఉన్నాను. ఒళ్ళు అటక మీద, చక్రాలు తలుపు వెనక, మిగిలినవన్నీ ఆవిడ గుడ్డపీలికల సంచుల్లో. అన్నీ కొత్త భాగాలే, అన్నీ బాగున్నాయి. జోగారావు లేడు. ఆ తరవాత ఎక్కువకాలం ఉండలేదు. విప్పిన మధ్యాహ్నం సంగతి ఒక్కటి చెప్పి ఊరుకుంటాను.

ఆయన నిద్రపోతున్నాడనుకుంది వరహాలు. కిటికీ తలుపు దగ్గరికి వేసి, చప్పుడు కాకుండా పీట వేసుకుని నా దగ్గర కూర్చుంది. కుడి పెడలు తేలిగ్గానే ఊడింది. ఎడమది ఊడలేదు. మిగిలినవన్నీ తన చేత్తో బిగించినవే గాని, పెడళ్ళు సైమన్ బిగించాడు. బలమంతా వేసి తిప్పింది. రాలేదు. స్పానరు జారి వేళ్ళు చెక్కుకుపోయాయి. చీర చెంగు నోట్లో కుక్కుకుని మళ్ళీ తిప్పింది. వేళ్ళ మీద రక్తం, కళ్ళల్లో నీళ్ళు. 

లోపలి నుంచి ఏదో వినపడింది. గాలి అనుకుంది. మళ్ళీ వినపడింది. లేచి వెళ్ళి, ఎప్పటిలాగే చెవి ఆయన నోటి దగ్గర పెట్టింది. 

"అటు కాదే" అన్నాడు ఆయన. కళ్ళు మూసుకునే ఉన్నాడు. "ఎడం పెడలుకి మర తిరగేసి ఉంటాది. బిగించీ వైపు తిప్పు. ఊడొచ్చెస్తాది."

వరహాలు అలాగే వంగి ఉండిపోయింది. తిరిగి వచ్చి కూర్చుని, బిగించే వైపు తిప్పింది. ఊడి చేతిలోకి వచ్చింది. 

ఈసారి కిటికీ తలుపు తెరిచి, చెవి ఊచల దగ్గర పెట్టింది. 

"వచ్చిందేటి?"

"వచ్చింది."

"మరకి గ్రీజు రాసి పెట్టు. లేపోతే పట్టీసుకుంటాది."

వేలితో గ్రీజు తీసి, మర చుట్టూ నింపాదిగా రాసి, జాకెట్టు గుడ్డముక్కలో చుట్టి పెట్టింది. చేతులు తుడుచుకుని, గదివైపు తిరగకుండానే, "తరవాత ఏటి తియ్యాలి?" అంది.

ఆయన కళ్ళు తెరిచి కిటికీలోంచి నా వైపు చూశాడు.

"చైను" అన్నాడు ఆయన.